సీలింగ్ ఫ్యాన్ ఆపాక వినిపించే చప్పుడు: పని కంప్యూటర్‌కు ఏ కూలర్, ఏ ఫ్యాన్లు?

మన ఇళ్లలో కంప్యూటర్ చప్పుడు ఏడాదిలో ఎక్కువ కాలం వినపడదు. నెత్తిమీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది, ఎండాకాలమైతే దానికి ఎయిర్ కూలర్ హోరు తోడు. నవంబర్ చివర్లో ఒక రాత్రి కాస్త చలిగా ఉందని ఫ్యాన్ ఆపేస్తాం. అప్పుడు టేబుల్ కింద నుంచి గుయ్‌మని ఒక శబ్దం. కొత్తగా మొదలైందేమీ కాదు, అది అక్కడే ఉంది, ఇన్నాళ్లూ మన చెవిన పడలేదు.

నాకు ఆ రాత్రి బాగా గుర్తుంది. నేను ఇంట్లోనే ఆడియో ఎడిటింగ్ చేస్తాను, అప్పుడప్పుడు నా గొంతుతోనే పాఠాలు రికార్డు చేసి పంపాలి. తలుపు వేసి, ఫ్యాన్ ఆపి, మైకు ముందు కూర్చున్నాను. తర్వాత హెడ్‌ఫోన్‌లో వింటే ప్రతి వాక్యం వెనకా సన్నటి హోరు. అదీ ఒకే తీరుగా లేదు. ఉన్నట్టుండి రయ్యిమని లేస్తుంది, నాలుగైదు సెకన్లకు మళ్లీ పడిపోతుంది. ఒకే తీరుగా ఉండే హోరును సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తీసేయొచ్చు. ఇలా లేచి పడేదాన్ని తీయబోతే గొంతు కూడా పాడవుతుంది.

పక్క డోర్ విప్పి చూశాను. క్యాబినెట్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు "నాలుగు రంగుల ఫ్యాన్లు ఫ్రీగా వస్తున్నాయి మేడమ్" అన్నాడు, నేనూ సంతోషించాను. ఆ నాలుగింటి వైర్లూ మదర్‌బోర్డ్ దాకా వెళ్లనే లేదు. మోలెక్స్ అని నాలుగు లావుపాటి పిన్నులుండే పాతకాలపు కనెక్టర్ ఉంటుంది చూడండి, దాంతో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బాకు తగిలించి ఉన్నాయి. అంటే ఎప్పుడూ 12 వోల్టులే, ఎప్పుడూ ఫుల్ స్పీడే. నేను ఉత్తరం టైప్ చేస్తున్నా, గంట వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినా వాటికి ఒకటే.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏ ఫ్యాన్ సైలెంట్‌గా ఉంటుంది?" అని అడిగితే వెంటనే పేరు చెప్పను. ఎంత వేడి పుడుతోంది, ఆ ఫ్యాన్‌ను ఏది ఎంత స్పీడులో తిప్పుతోంది అని ఎదురడుగుతాను. ఈ రెండూ తేలితే ఫ్యాన్ బ్రాండ్ చివరి పది శాతం సంగతి.

చప్పుడంతా స్పీడులోనే ఉంది

ఒక ఫ్యాన్ స్పీడును సగం చేస్తే వచ్చే గాలి సగమవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సగమైనట్టు అనిపిస్తుంది కాబట్టి ఇది మంచి బేరం. ఇంకోవైపు, అదే రకం ఫ్యాన్ మరొకటి పక్కన చేర్చితే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి ఒక్క ఫ్యాన్‌ను 1,600 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) పరుగెత్తించడం కంటే రెండింటిని 800లో నడిపించడం నయం. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ కంటే 140ది మేలనడానికి కూడా ఇదే కారణం. రెక్క పెద్దది, నెమ్మదిగా తిరిగినా అంతే గాలి లాగుతుంది. క్యాబినెట్‌లో 140కి చోటుంటే 120 కొనకండి.

ఫ్యాన్ పెట్టె మీద రాసి ఉండే డెసిబెల్ అంకెను మాత్రం నమ్ముకోవద్దు. అబద్ధమని కాదు. ఒక్కో కంపెనీ ఒక్కో తీరులో కొలుస్తుంది, ఎదురుగా ఏ అడ్డూ లేకుండా గాల్లో పెట్టి కొలుస్తుంది. అదే ఫ్యాన్‌ను చిల్లుల రేకు వెనకాల, డస్ట్ ఫిల్టర్ వెనకాల బిగిస్తే దాని గొంతే మారిపోతుంది. ఒకే కంపెనీ ఫ్యాన్లను వాటిలో వాటిని పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, అంతవరకే.

వాళ్ల గది 21 డిగ్రీలు, మన గది 36

ప్రాసెసర్ మీద బిగించే కూలర్ల రివ్యూలు మనం చూసేవి ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్లవి. అక్కడ గది 20 నుంచి 23 డిగ్రీల మధ్య ఉంటుంది. కూలర్ చేసే పని ప్రాసెసర్ వేడిని గది గాలికి అప్పజెప్పడం. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు పది డిగ్రీలు పైకి పోతుంది. 21 డిగ్రీల గదిలో 65 చూపించిన కూలర్ మే నెలలో ఏసీ లేని 36 డిగ్రీల గదిలో 80 చూపిస్తుంది. రెంటచింతల, రామగుండం పేర్లు పేపర్లో ప్రతి ఎండాకాలం వస్తూనే ఉంటాయి కదా, ఆ చుట్టుపక్కల మేడ మీది గదిలో పని చేసుకునేవాళ్లు ఇంకో రెండు డిగ్రీలు కలుపుకోండి.

80 వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు. ఇంటెల్ 12 నుంచి 14వ తరం వరకు ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95. సమస్య ఉష్ణోగ్రతది కాదు, దాన్ని చూసి ఫ్యాన్ పడే కంగారుది. రివ్యూలో "సరిపోతుంది" అన్న కూలర్ కంటే మనం ఒక మెట్టు పైది తీసుకోవాలి. వేసవి తట్టుకోవడానికి మాత్రమే కాదు, చలికాలంలో దాన్ని చాలా నెమ్మదిగా తిప్పుకోవడానికి కూడా.

రూపాయి ఖర్చు లేని మెట్టు: వేడినే తగ్గించడం

ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లు అని ఉంటుంది. దాన్ని చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఐ5-12400కి బేస్ పవర్ 65 అయినా, గట్టిగా పని చేసేటప్పుడు 117 వాట్ల వరకు తీసుకోగలదు. ఐ7-13700 మీద కూడా అదే 65 ఉంటుంది, పైన 219 వరకు పోతుంది. రైజెన్ 5 7600కి 65 అంటే నిజంగా 88. రైజెన్ 9 7950ఎక్స్ అయితే 170 అని చెప్పి 230 తాగుతుంది. పైగా కొన్ని మదర్‌బోర్డులు ఇంటెల్ హద్దులను ఎత్తేసి, ఎంత కావాలంటే అంత తీసుకో అన్న సెట్టింగ్‌తోనే షాపు నుంచి వస్తాయి.

ఆ చివరి పది పదిహేను శాతం స్పీడు కోసమే ప్రాసెసర్ అంత కరెంటు తాగుతుంది. ఏఎండీ అయితే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) కరెంటు వాడకం తగ్గించే ఎకో మోడ్ అని ఉంటుంది, ఆన్ చేయండి. ఇంటెల్ అయితే పీఎల్1, పీఎల్2 అని రెండు పవర్ లిమిట్లు ఉంటాయి. ఐ7ను రెండింట్లోనూ 100 నుంచి 125 వాట్ల మధ్య కట్టేస్తే ఎక్స్‌పోర్ట్ కాస్త ఆలస్యమవుతుంది, మామూలు పనిలో తేడా తెలియదు. రెండొందల వాట్లను నిశ్శబ్దంగా చల్లబరచడం ఖరీదైన పని. వంద వాట్లను చల్లబరచడం మధ్యరకం కూలర్‌కు ఆటవిడుపు.

గ్రాఫిక్స్ కార్డు సంగతి కూడా ఇక్కడే. అకౌంట్స్, కోడింగ్, అనువాదం, ఆడియో లాంటి పనులకు విడిగా కార్డు అక్కర్లేదు. కార్డు లేకపోతే రెండు మూడు చిన్న ఫ్యాన్లు పుట్టకముందే పోయినట్టు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌కు లోపల డిస్‌ప్లే ఉండదు. కొన్ని వందలు మిగులుతాయని దాన్ని తీసుకుంటే కార్డు కొనక తప్పదు. రైజెన్ 7000లో పేరు చివర ఎఫ్ లేనివాటికి చిన్నపాటి గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, రెండు మానిటర్లకు చాలు. మీ పనికి కార్డు కావాల్సిందే అంటే, లోడ్ లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే రకం చూసుకోండి. ఇప్పుడు మధ్యరకం కార్డుల్లో చాలావాటికి ఆ సదుపాయం ఉంది.

స్టాక్, సింగిల్ టవర్, డ్యూయల్ టవర్, లిక్విడ్

ప్రాసెసర్‌తో ఉచితంగా వచ్చే స్టాక్ కూలర్ చెడ్డదేమీ కాదు, చిన్నది. రైజెన్ 5 5600, 7600లతో వచ్చే రేత్ స్టెల్త్ ఒక అల్యూమినియం దిమ్మ, దాని మీద చిన్న ఫ్యాన్. గట్టి పని పడితే ఆ ఫ్యాన్ రెండు వేల ఆర్‌పీఎం దాటి తిరగాలి. గేమ్ ఆడేవాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుంటారు, పట్టించుకోరు. రోజుకు పది గంటలు పక్కన కూర్చుని పని చేసేవాళ్లకు అది తలనొప్పి. డబ్బులు లేనప్పుడు స్టాక్‌తో మొదలుపెట్టి ఎకో మోడ్‌లో నడిపించుకోవచ్చు. ఆరునెలల తర్వాతైనా మార్చాలని మాత్రం మనసులో పెట్టుకోండి.

నా లెక్కలో పని కంప్యూటర్‌కు అసలు పోటీ సింగిల్ టవర్‌కూ డ్యూయల్ టవర్‌కూ మధ్యే.

సింగిల్ టవర్ అంటే నిలువుగా ఒక రేకుల గోపురం, అందులోంచి హీట్ పైపులనే నాలుగైదు రాగి గొట్టాలు, ఒక 120 ఫ్యాన్. డీప్‌కూల్ ఏకే400 ఈ రకంలో మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది. నాలుగు హీట్ పైపులు, ఎత్తు 155 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనం సీటీసీ అనే చోట, నాలుగు షాపులు తిరిగితే రెండింట్లోనైనా ఇదో దీని తమ్ముడో ఉంటుంది. 100 వాట్లకు అటూఇటూగా ఉన్న ప్రాసెసర్‌కు ఇది చాలు.

డ్యూయల్ టవర్ అంటే రెండు గోపురాలు, రెండు ఫ్యాన్లు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ వచ్చాక ఈ విభాగం లెక్కే మారిపోయింది. ఆరు హీట్ పైపులు, 1,550 ఆర్‌పీఎం ఫ్యాన్లు రెండు, ఎత్తు 155. అంతకు ముందు ఈ స్థాయి చల్లదనం కావాలంటే ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డి15 లాంటివాటికి రెండింతలకు పైగా పెట్టాల్సి వచ్చేది. డి15 ఇప్పటికీ గొప్ప వస్తువే. బిగించే స్క్రూల దగ్గర నుంచి చేతికి తెలుస్తుంది ఆ నాణ్యత. కానీ ఎత్తు 165 మిల్లీమీటర్లు, చాలా క్యాబినెట్లలో డోర్ మూసుకోదు. ర్యామ్ ఎత్తుగా ఉంటే ముందు ఫ్యాన్‌ను పైకి జరపాలి, అప్పుడు ఇంకా ఎత్తవుతుంది. రంగు లైట్లున్న ర్యామ్ కొనకుండా ఉండటానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదే.

నేనైతే వంద వాట్ల ప్రాసెసర్‌కు కూడా డ్యూయల్ టవరే కొంటాను. వేడి తక్కువ, గోపురం పెద్దది అంటే ఫ్యాన్‌ను 600, 700 ఆర్‌పీఎం దగ్గర వదిలేసి మర్చిపోవచ్చు. సింగిల్ టవర్‌తో పోలిస్తే పైన పడే వెయ్యి, పదిహేను వందలకు వచ్చేది ఇదే. కొనే ముందు ఒక్క పని చేయండి: క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో కూలర్ ఎత్తు హద్దు ఎంతో చూడండి. 160 లోపైతే మళ్లీ ఆలోచించుకోవాలి.

ఇక లిక్విడ్ కూలర్, అంటే ప్రాసెసర్ వేడిని పంపుతో నీళ్ల ద్వారా రేడియేటర్‌కు చేర్చి, అక్కడ ఫ్యాన్లతో చల్లబరిచేది. చూడ్డానికి బాగుంటుంది, షాపుల్లో గట్టిగా అమ్మజూపుతారు. దానికి నిజంగా ఒక మేలుంది. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి కాబట్టి చిన్న చిన్న పనులకు ఫ్యాన్ ఉలిక్కిపడదు. 200 వాట్లు దాటిన ప్రాసెసర్‌ను రోజంతా రెండరింగ్‌లో పెట్టేవాళ్లకు 360 మిల్లీమీటర్ల రేడియేటర్ అర్థమున్న ఖర్చే. మిగతా అందరికీ నా సలహా వద్దనే. టవర్ కూలర్‌లో తిరిగేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని దాదాపు వినపడనంత నెమ్మదిగా తిప్పుకోవచ్చు. లిక్విడ్‌లో పంపు కూడా ఉంటుంది, కంప్యూటర్ ఖాళీగా ఉన్నా అది తిరగాల్సిందే. రాత్రి నిశ్శబ్దంలో ఆ సన్నటి కీచు ఒకసారి చెవిన పడితే మళ్లీ వదలదు. ఐదారేళ్లకు టవర్ మీది ఫ్యాన్ పోతే కొత్త ఫ్యాన్ తగిలిస్తాం. పంపు పోతే మొత్తం కూలర్ పారేయాలి. ఇప్పటికే లిక్విడ్ ఉన్నవాళ్లు గుడగుడ వినిపిస్తుంటే రేడియేటర్ ఎక్కడుందో చూడండి. లోపలి గాలి బుడగ పైకి చేరుతుంది. పంపు అన్నిటికంటే ఎత్తులో ఉంటే ఆ బుడగ పంపులోనే కూర్చుంటుంది. రేడియేటర్‌ను పైకప్పుకు బిగిస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

ఫ్యాన్ అసలే లేని కూలర్లూ ఉన్నాయి, నాక్టువా ఎన్‌హెచ్-పీ1 లాంటివి. మన ఎండలకు, మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు నేను సాహసించను. మీ పని బ్రౌజర్, ఎక్సెల్, జూమ్ మాత్రమే అయితే అసలు ఇంత పెద్ద డబ్బా ఎందుకు? 6 వాట్ల ఇంటెల్ ఎన్100 ఉన్న ఫ్యాన్‌లెస్ మినీ పీసీ మానిటర్ వెనక తగిలించేయండి, ఈ వ్యాసంతో మీకు పని లేదు.

ఖరీదైన ఫ్యానా, చవక ఫ్యానా

క్యాబినెట్ ఫ్యాన్లకు వస్తే నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 ఒకవైపు, ఆర్కిటిక్ పీ12 మరోవైపు. నాక్టువా రెక్క చివరకూ చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరే. అంత దగ్గరగా తిరగాలంటే రెక్క వేడికి, వేగానికి సాగకూడదు, అందుకని మామూలు ప్లాస్టిక్ కాకుండా ప్రత్యేకమైన పాలిమర్ వాడారు. ఆరేళ్ల వారంటీ. ఆ డబ్బుకు ఆర్కిటిక్‌వి ఇంచుమించు మూడు వస్తాయి.

పక్కపక్కన పెట్టి విన్నాను. ఇద్దరినీ 1,500లో తిప్పితే నాక్టువా గొంతు మెత్తన, ఆర్కిటిక్‌లో కాస్త గరుకు. 700కు దించాక, డోర్ మూశాక, మీటరు దూరం నుంచి నాకు తేడా తెలియలేదు. పని కంప్యూటర్‌లో క్యాబినెట్ ఫ్యాన్లు తిరగాల్సింది ఆ 600, 800 మధ్యనే. అందుకని క్యాబినెట్‌కు ఆర్కిటిక్ లాంటి చవకవి మూడు తీసుకుని, మిగిలిన డబ్బు కూలర్ మీద పెట్టండి. అన్నట్టు, పీఎస్‌టీ అని ఉన్న ఆర్కిటిక్ తీసుకుంటే ఒక ఫ్యాన్ వైరును ఇంకో ఫ్యాన్‌కు గుచ్చుకోవచ్చు, మదర్‌బోర్డ్‌లో ఒక్క హెడర్ (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నుల చోటు) చాలు. మామూలుగా ఒక హెడర్ ఒక ఆంపియర్ వరకు ఇస్తుంది, ఇలాంటి ఫ్యాన్లు మూడు నాలుగింటికి ఢోకా లేదు.

ఏ బ్రాండ్ అయినా నాలుగు పిన్నులున్న పీడబ్ల్యూఎం ఫ్యానే, అంటే స్పీడును మదర్‌బోర్డే మార్చగలిగేదే అడగండి. మూడు పిన్నులదాన్ని కూడా వోల్టేజీ తగ్గించి నెమ్మదింపజేయొచ్చు, కానీ బయోస్‌లో ఆ హెడర్‌ను డీసీ మోడ్‌కు మార్చాలి. మార్చకపోతే ఫుల్ స్పీడులో తిరుగుతుంది. "కొత్త ఫ్యాన్ కూడా గోల చేస్తోంది" అని నాకు ఫోన్ చేసిన ముగ్గురిలో ఇద్దరి సంగతి ఇదే. మోలెక్స్ ఫ్యాన్లు ఎన్ని ఫ్రీగా ఇచ్చినా నేను విప్పి అట్టపెట్టెలో పడేస్తాను.

ఎన్ని ఫ్యాన్లు? ముందు నుంచి గాలి లోపలికి లాగేవి రెండు, వెనక నుంచి బయటికి పంపేది ఒకటి. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఇంతకు మించి అక్కర్లేదు. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. వెనకాల ఖాళీ స్లాట్లకు రేకులు లేకపోతే మాత్రం తప్పకుండా వేయించండి. మా క్యాబినెట్‌లో ఒకసారి బల్లి కాపురం పెట్టింది, ఇంక అంతకంటే చెప్పను.

అసలు విద్య ఫ్యాన్ కర్వ్‌లో ఉంది

నా రికార్డింగ్‌లో రయ్యిమని లేచింది మోలెక్స్ ఫ్యాన్లు కావు, అవి పాపం ఒకే తీరున అరిచాయి. లేచింది ప్రాసెసర్ మీది ఫ్యాన్. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిస్తే చాలు, ఈ కాలపు ప్రాసెసర్, ముఖ్యంగా రైజెన్, ఒక్క సెకనులో 45 నుంచి 65కు ఎగిరి మళ్లీ దిగుతుంది. మదర్‌బోర్డ్‌లో కంపెనీ పెట్టి పంపే సెట్టింగ్ ఆ ప్రతి గెంతుకూ ఫ్యాన్‌ను పరుగెత్తిస్తుంది. రాగి, అల్యూమినియం అంత బరువున్న గోపురం ఒక్క సెకనులో వేడెక్కదు. ఫ్యాన్ పరుగు ఉత్త శ్రమ.

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్ అని, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అని, ఎంఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అని ఉంటుంది. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ఫ్యాన్ శాతం ఉన్న గీత కనిపిస్తుంది, దాని మీద నాలుగైదు చుక్కలు. నేను పెట్టుకున్నది ఇది: 65 డిగ్రీల వరకు గీత బల్లపరుపుగా 35 శాతం, 75 దగ్గర 55, 85 దగ్గర 80, 90 దాటితే వంద. రివ్యూల్లో 50 నుంచే ఎక్కమంటారు. మన మే నెలలో ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా 50 దగ్గర కూర్చుంటుంది, కాబట్టి ఆ మాట మనకు కుదరదు. తర్వాత స్టెప్ అప్ టైమ్ లాంటి పేరుతో ఒక ఆలస్యం ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగాక ఫ్యాన్ ఎన్ని సెకన్లు ఆగి స్పందించాలో అది చెబుతుంది. దాన్ని ఉన్నంతలో పెద్ద అంకెకు పెట్టండి. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో సగం గోల తగ్గింది, ఖర్చు సున్నా.

క్యాబినెట్ ఫ్యాన్లకు ప్రాసెసర్ ఉష్ణోగ్రతతో పని లేదు. వాటిని మదర్‌బోర్డ్ ఉష్ణోగ్రతకు ముడిపెట్టండి, అది నింపాదిగా కదులుతుంది. లేదా ఒకే స్పీడులో వదిలేయండి.

ఏ ఫ్యాన్‌కైనా ఏదో ఒక స్పీడు దగ్గర క్యాబినెట్ రేకు కూడా కలిసి మోగుతుంది. శాతాన్ని రెండేసి చొప్పున మారుస్తూ వినండి. ఒకచోట మ్‌మ్‌మ్ అని మోగి, ఇంకాస్త పెంచితే మాయమవుతుంది. ఆ చోటును గీతలో తప్పించేయడమే.

ముందు చెవితో పట్టుకోండి

కొనడానికి వెళ్లే ముందు రాత్రి పదకొండు తర్వాత సీలింగ్ ఫ్యాన్ ఆపి, క్యాబినెట్ పక్క డోర్ తీసి వినండి. ఒక్కో ఫ్యాన్ మధ్యనుండే గుండ్రటి స్టిక్కర్ మీద వేలితో మెల్లగా నొక్కి రెండు సెకన్లు ఆపండి. రెక్కల మీద కాదు, మధ్య బొడిపె మీద. స్పీడు తక్కువగా ఉన్నప్పుడే చేయండి. ఏది ఆగితే గోల ఆగిందో అదే దొంగ.

హోరు అయితే గాలిది, స్పీడు తగ్గించాలి. టిక్కు టిక్కుమంటే వైరు రెక్కకు తగులుతోంది, లేదా బేరింగ్ పోయింది. బర్రుమంటే స్క్రూ వదులై రేకు వణుకుతోంది. ఏ ఫ్యాన్ ఆపినా ఆగని లోతైన గుంయ్ హార్డ్ డిస్క్‌ది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 సార్లు వణుకుతుంది, ఆ వణుకు క్యాబినెట్ నుంచి టేబుల్‌కు, టేబుల్ నుంచి మీ మోచేతికి వస్తుంది. రోజూ వాడే ఫైళ్లను ఎస్‌ఎస్‌డీకి మార్చి, డిస్క్‌ను బ్యాకప్ రోజే తగిలించుకోండి. స్క్రీన్ మీద పేజీ జరుపుతుంటే కీచుమనేది ఫ్యాన్ కాదు, కాయిల్, అంటే కరెంటు నడిచే తీగచుట్ట. దానికి కూలర్‌తో మందు లేదు.

ఇంతా చేశాక ఆ గోల కంప్యూటర్‌ది కాకుండా పక్కనున్న యూపీఎస్‌దని తేలినా ఆశ్చర్యం లేదు.

క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్

లోపల ఫోమ్ అతికించి ముందు మూసి ఉండే సైలెంట్ క్యాబినెట్లు ఉన్నాయి, స్వీడన్ కంపెనీ ఫ్రాక్టల్ డిజైన్ డిఫైన్ సిరీస్ అందుకు పేరుపడింది. చల్లటి దేశంలో అది చక్కటి ఆలోచన. మన దగ్గర ముందు జాలీ ఉన్న మెష్ క్యాబినెట్టే నా ఓటు. గాలి ధారాళంగా దొరికితే ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడు అసలు పుట్టదు. ఏసీ గదిలో, హార్డ్ డిస్కులు మూడు నాలుగు పెట్టుకునేవాళ్లకు ఫోమ్ క్యాబినెట్ పనికొస్తుంది. మెష్‌కు మూల్యం దుమ్ము. నెలకోసారి ఫిల్టర్ ఊడదీసి కొళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గింగిరాలు తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద 80 ప్లస్ గోల్డ్ అని ఉంటే అది కరెంటు పొదుపు ముద్ర, నిశ్శబ్దానికి హామీ కాదు. చప్పుడుకు సైబెనెటిక్స్ అనే వాళ్ల రేటింగ్ వేరే ఉంది, అది చూడండి. మీ కంప్యూటర్ మహా అయితే 200 వాట్లు తీసుకుంటుందనుకుంటే 550, 650 వాట్ల మంచి కంపెనీది వేయండి. సగం లోడ్ కూడా పడదు, లోపలి ఫ్యాన్‌కు పెద్దగా పని ఉండదు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేదాన్ని చప్పుడు కోసమే కాదు, భద్రత కోసమూ వాడకండి.

ఎవరికి ఏది

పాత కంప్యూటర్ ఉండి, చేతిలో వెయ్యి రూపాయలే ఉంటే: పవర్ లిమిట్, ఫ్యాన్ కర్వ్ సరిచేయండి, మోలెక్స్ ఫ్యాన్లు పీకేయండి, ఆ డబ్బుతో వెనక్కి ఒక మంచి పీడబ్ల్యూఎం ఫ్యాన్, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఒక చిన్న ట్యూబు. నాలుగైదేళ్లుగా కూలర్ తీయకపోతే పాత పేస్ట్ సుద్దలా ఎండిపోయి ఉంటుంది.

కొత్తగా కట్టుకుంటూ రైజెన్ 5 7600 లేదా ఐ5-12400 దగ్గర ఆగేవాళ్లకు: ఏకే400 లాంటి సింగిల్ టవర్, మెష్ క్యాబినెట్, మూడు చవక ఫ్యాన్లు. మైకు ముందు కూర్చునే పనైతే సింగిల్ బదులు డ్యూయల్ టవర్.

రైజెన్ 9 లేదా ఐ7తో వీడియో పని చేసేవాళ్లకు: డ్యూయల్ టవర్, ముందు రెండు 140 ఫ్యాన్లు, ప్రాసెసర్‌కు 125 వాట్ల దగ్గర కళ్లెం. రాత్రంతా రెండర్ పెట్టి పక్క గదిలో పడుకునే వీలుంటే ఆ కళ్లెం కూడా అక్కర్లేదు.

క్యాబినెట్‌ను టేబుల్ మీద చెవి పక్కన పెట్టకుండా కింద, అవతలి వైపు పెట్టండి. దూరం రెట్టింపైతే చప్పుడు ఆరు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, ఇది ఏ ఫ్యాన్ కొన్నా రాని లాభం. కాళ్ల కింద పాత మౌస్ ప్యాడ్ ముక్కలు వేయండి. గోడకు మాత్రం మరీ ఆనించొద్దు, వెనక నుంచి వేడి గాలి పోవడానికి జానెడు చోటు కావాలి.

ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు చూసుకోండి. పార్సిల్ వచ్చిన వారంలోపే ఒక రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, అరగంట అక్కడే పని చేయండి. మధ్యాహ్నం విని బాగుందనుకోవద్దు. వెనక్కి పంపాల్సి వస్తే పెట్టె, స్క్రూలు, ఆ చిన్న పేస్ట్ ట్యూబు కూడా ఉండాలి, అందుకని అప్పటిదాకా ఏదీ పారేయకండి.